మా మండలంలో బీఎస్ఎన్ఎల్ 4జీ టవర్ వెలిగింది, బడి దగ్గర మాత్రం 2జీనే వస్తోంది. కారణం ఏమై ఉంటుంది?

మన్యం_మాస్టారు

అందరికీ నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్లాల్సిన ఒక మండలంలో టీచర్‌ని. మా దగ్గర చాలా కాలం 2జీ టవర్ ఒక్కటే ఉండేది. ఇప్పుడు అదే చోట కొత్త పరికరాలు బిగించి 4జీ ఇచ్చారు. ఊళ్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేను కూడా.

అర్థం కానిది ఏమిటంటే, టవర్ ఎదురుగా కనిపించే గట్టు మీద నిలబడితే నా ఫోన్లో 4జీ బాగా వస్తుంది. బడి కాస్త పల్లంలో, చెట్ల మధ్య ఉంటుంది. అక్కడికి రాగానే 4జీ గుర్తు పోయి 2జీకి గుర్తైన ఈ (E) అనే అక్షరం పడుతుంది. అదే గదిలో మా ఆవిడ ఫోన్‌కి 4జీ ఉంటుంది, వీడియో కూడా ఆడుతుంది. రెండూ బీఎస్ఎన్ఎల్ సిమ్‌లే. నా ఫోన్ మూడేళ్ల కిందటిది, ఆవిడది నిరుడు కొన్నది. నాది 5జీ ఫోన్ కూడా కాబట్టి ఫోన్ తప్పు కాదనుకుంటున్నాను. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు రోజూ ఫోన్లోనే ఎక్కించాలి. తెలిసినవాళ్లు చెప్పగలరు.

తరంగం_77

మాస్టారూ, నేను రేడియో ప్లానింగ్‌లో పనిచేస్తాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు ఒకటే అనుమానం వస్తోంది. మీ ఫోన్ ఏయే బ్యాండ్లు, అంటే ఏయే రేడియో తరంగాల శ్రేణులు, పట్టగలదో చూడండి. కొన్న డబ్బా మీదో, కంపెనీ సైటులోనో ఉంటుంది. ఎల్‌టీఈ (అంటే 4జీ) బ్యాండ్లు అని రాసిన వరుసలో 28 అనే అంకె ఉందా లేదా చెప్పండి.

మన్యం_మాస్టారు

చూశానండి. 1, 3, 5, 8, 40, 41 ఉన్నాయి. 28 లేదు. మా ఆవిడ ఫోన్లో 28 ఉంది.

తరంగం_77

అదే కారణం. కొంచెం వివరంగా చెబుతాను, ఇదే ఇబ్బంది చాలామందికి ఉంది.

బీఎస్ఎన్ఎల్ 4జీ ముఖ్యంగా రెండు బ్యాండ్ల మీద నడుస్తోంది. ఒకటి 2100 మెగాహెర్ట్జ్, దాన్నే బ్యాండ్ 1 అంటారు. ఇది ఒకప్పుడు 3జీకి వాడినది. రెండోది 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28. 2100లో తరంగం పొడవు సుమారు 14 సెంటీమీటర్లు, 700లో సుమారు 43 సెంటీమీటర్లు. పొడవు ఎక్కువైన తరంగం చెట్లలో, గోడల్లో తక్కువ నష్టపోతుంది, మలుపు తిరిగి పల్లంలోకీ కొంత దిగుతుంది. గట్టు మీద మీకూ టవర్‌కీ మధ్య అడ్డు లేదు కాబట్టి 2100 మీ ఫోన్‌కి నేరుగా అందుతోంది. బడి దగ్గర ఆ 2100 చచ్చిపోయి 700 మాత్రమే మిగులుతోంది. దాన్ని అందుకునే భాగం మీ ఫోన్లో లేదు. అందుకే 2జీలోకి జారిపోతోంది. 2జీ 900 మెగాహెర్ట్జ్‌లో ఉంటుంది, అది పల్లానికీ వస్తుంది.

5జీ ఫోన్ కదా అని మీరు అనుకోవడం సహజమే. కానీ 5జీ వేరు, 4జీలో ఏ బ్యాండ్ పట్టగలదు అన్నది వేరు. 5జీ వరుసలో ఎన్28 అని ఉన్నా 4జీ వరుసలో 28 లేకపోవచ్చు. రెండూ విడిగా చూడాలి.

మరి ఇండియాలో అమ్మిన ఫోన్లో 28 ఎందుకు పెట్టలేదు? మన దేశంలో 700 మెగాహెర్ట్జ్‌ను 2016 వేలంలో పెడితే ఒక్కరూ కొనలేదు. ధర అంత ఎక్కువ పెట్టారు. 2021 వేలంలోనూ అదే జరిగింది. 2022లో జియో దేశమంతటా 10 మెగాహెర్ట్జ్ చొప్పున తీసుకుంది, అది కూడా 5జీ కోసం. 4జీ కోసం 700 వాడే కంపెనీ ఇక్కడ లేనప్పుడు, ఆ భాగం తీసేస్తే కొంత ఖర్చు తగ్గుతుందని చాలా ఫోన్ కంపెనీలు బ్యాండ్ 28 లేకుండానే ఇక్కడికి పంపాయి. బీఎస్ఎన్ఎల్‌కి 700 కేటాయించింది 2023 జూన్‌లో.

గోదారి_గట్టు

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడి ఫోన్ కూడా ఇలాగే చేస్తుంటే సిమ్ పాడైందని రెండుసార్లు మార్చాడు.

సిమ్_షాపు_రాజమండ్రి

సిమ్ సంగతి నేను చెబుతాను, రోజూ నా పని ఇదే. 2జీ, 3జీ రోజుల పాత బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు ఇంకా చాలామంది దగ్గరున్నాయి. ఆ సిమ్‌తో ఎంత మంచి ఫోన్ అయినా 4జీ రాదు. కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి ఆధార్ పట్టుకుని వెళ్తే అదే నంబరు మీద 4జీ సిమ్ ఇస్తారు. నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వెళ్లాలి. కొడుకు పేరు మీద సిమ్ ఉండి అమ్మ వాడుతుంటే అమ్మ వచ్చి లాభం లేదు. ఇది తెలియక ముసలివాళ్లు ఎండలో బస్సెక్కి వచ్చి వెనక్కి పోతుంటే బాధగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కొత్త సిమ్ పడ్డాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన, అన్ని కంపెనీలకూ ఉంది. ఆ రోజు బ్యాంకు ఓటీపీ రాదు కాబట్టి డబ్బు పంపాల్సిన పని, ఫీజు కట్టాల్సిన పని ఉంటే ముందే చేసుకుని అప్పుడు సిమ్ మార్చుకోండి.

ఏఎన్ఎం_అక్క

నేను విజయనగరం వైపు కొండ ఊళ్లలో తిరుగుతాను. ఇక్కడ అందరూ స్పీడు గురించి మాట్లాడుతున్నారు. నాకు స్పీడు ఎంతైనా ఫరవాలేదు. నెలలు నిండిన అమ్మాయిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేటప్పుడు, 108కి చేసిన కాల్ మధ్యలో తెగకూడదు. బండి ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లు చెప్పగలగాలి, మేం ఎక్కడున్నామో మేం చెప్పగలగాలి. 4జీ వచ్చాక కాల్ నాణ్యత మారుతుందా? కొందరు డేటా బాగుంటుంది గానీ కాల్ చేస్తే నెట్ ఆగిపోతుంది అంటున్నారు.

తరంగం_77

అక్కా, మంచి ప్రశ్న. ఫోన్లో వోల్టీ (VoLTE) ఆన్‌లో ఉండాలి. 4జీ అనేది పుట్టుకతోనే డేటా కోసం చేసింది, అందులో పాత పద్ధతి కాల్ వెళ్లదు. వోల్టీ ఉంటే మాట కూడా డేటాగా మారి 4జీలోనే వెళ్తుంది, వెంటనే కలుస్తుంది, గొంతు స్పష్టంగా ఉంటుంది. వోల్టీ లేకపోతే కాల్ చేసిన ప్రతిసారీ ఫోన్ 4జీ వదిలేసి 2జీకి దిగుతుంది, అందుకే అప్పుడు నెట్ ఆగుతుంది. దిగడానికీ మళ్ళీ ఎక్కడానికీ కొన్ని సెకన్లు పడుతుంది. అత్యవసరంలో ఆ సెకన్లు చాలా పెద్దవి.

సెట్టింగ్స్‌లో సిమ్ పేరు నొక్కితే వోల్టీ కాల్స్ అనే మీట కనిపిస్తుంది, ఆన్ చేయండి. మీటే కనిపించకపోతే ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ లేకపోతే ఆ మోడల్‌లో ఈ నెట్‌వర్క్‌కి వోల్టీ ఇవ్వలేదని అర్థం. ఫోన్ కంపెనీలు ఒక్కో ఆపరేటర్‌కి విడివిడిగా పరీక్షించి ఇస్తాయి.

ఇంకొకటి కూడా గమనించండి. 2జీ సిగ్నల్ మాత్రమే అందే మూలల్లో వోల్టీ పనిచేయదు, అక్కడ మామూలు కాలే. కాబట్టి నెట్‌వర్క్ రకాన్ని 4జీ మాత్రమే అని పెట్టుకోకండి. 4జీ, 2జీ రెండూ ఉండే ఆటోలో ఉంచండి.

ఏఎన్ఎం_అక్క

ఆన్ చేశాను. ధన్యవాదాలు. మా ఆశా కార్యకర్తలందరికీ ఇదే చెబుతాను.

శేరిలింగంపల్లి

నేను వేరే కోణం చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. ఈ దేశంలో మొదటి 4జీ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో ఎయిర్‌టెల్ ఇచ్చింది. జియో 2016 సెప్టెంబరులో వచ్చి నెట్ వాడకాన్నే మార్చేసింది. 2022 అక్టోబరులో 5జీ మొదలైంది, హైదరాబాద్ మొదటి రోజు జాబితాలోనే ఉంది. ఆ డిసెంబరులో జియో 5జీ తిరుమల, విజయవాడ, విశాఖ, గుంటూరుకి వచ్చింది. బీఎస్ఎన్ఎల్ 4జీని జాతికి అంకితం చేసింది 2025 సెప్టెంబరు 27న. పదమూడేళ్లు ఆలస్యం. ఈలోగా ప్రభుత్వం ఇచ్చిన ప్యాకేజీలు కూడితే 2019లో సుమారు 69 వేల కోట్లు, 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో 89 వేల కోట్లు. మూడు లక్షల కోట్లు దాటింది. ఈ డబ్బుతో నేరుగా 5జీకి వెళ్లి ఉండొచ్చు కదా? పట్నంలో ఉండేవాళ్లు ఈ 4జీ కోసం వెనక్కి వస్తారా?

ఎక్స్ఛేంజి_పాతకాపు

బాబూ, నేను ఆ సంస్థలో జీవితమంతా పనిచేసి, 2020 జనవరి 31న వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మీద బయటికి వచ్చిన 78,569 మందిలో ఒకణ్ణి. నువ్వు చెప్పిన ఆలస్యం నిజం, దాన్ని నేను కాదనను. ఆ ఆలస్యం ఎలా జరిగిందో కూడా చూడాలి.

4జీ వేలం జరిగినప్పుడల్లా ప్రైవేటు కంపెనీలు స్పెక్ట్రం, అంటే తరంగాలు వాడుకునే హక్కు, కొనుక్కున్నాయి. బీఎస్ఎన్ఎల్‌కి 4జీ స్పెక్ట్రం ఇస్తామని ప్రభుత్వం నిర్ణయించింది 2019 అక్టోబరు ప్యాకేజీలో. 2020 మార్చిలో పరికరాలకు టెండర్ పిలిచారు. జూన్‌లో గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ జరిగింది. జూలైలో ఆ టెండర్ రద్దయింది. ఇకపై పరికరాలు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ రెండూ దేశంలోనే తయారవ్వాలన్నారు. అప్పటికి దేశంలో 4జీ కోర్, అంటే నెట్‌వర్క్‌కి మెదడు లాంటి భాగం గానీ, పెద్ద ఎత్తున రేడియోలు గానీ సిద్ధంగా చేసి పెట్టుకున్నవాళ్లు లేరు. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కోర్ చేసింది, తేజస్ నెట్‌వర్క్స్ రేడియో చేసింది, టీసీఎస్ అన్నీ కలిపే బాధ్యత తీసుకుంది. 2021 అక్టోబరులో ఆ నెట్‌వర్క్ మీద అప్పటి టెలికాం మంత్రి అశ్వినీ వైష్ణవ్ మొదటి కాల్ చేశారు. 2023 మేలో టీసీఎస్‌కి 15 వేల కోట్లు దాటిన ఆర్డర్ వచ్చింది, లక్ష సైట్లకు. అక్కడి నుంచి రెండేళ్ల చిల్లరలో 92 వేలకు పైగా సైట్లు వెలిగాయి. ఆలస్యమంతా నిర్ణయాల్లో జరిగింది. టవర్ ఎక్కి బిగించిన కుర్రాళ్లలో ఆలస్యం లేదు.

ప్యాకేజీల లెక్క గురించి ఒక్క మాట. 2023లో ఇచ్చిన 89,047 కోట్లు పెద్ద భాగం స్పెక్ట్రం విలువే. అందులో 700 బ్యాండ్ ఒక్కదానికే 46 వేల కోట్లు పైన విలువ కట్టారు. ప్రభుత్వం తన స్పెక్ట్రాన్ని తన సంస్థకిచ్చి ఆ విలువను వాటా పెట్టుబడిగా రాసుకుంది. పరికరాలకు పెట్టిన ఖర్చు వేరు, దీన్నీ దాన్నీ కలిపి చూస్తే అసలు ఖర్చు తెలియదు.

శేరిలింగంపల్లి

సార్, మీ వివరణకు కృతజ్ఞతలు. స్పెక్ట్రం లెక్క ఒప్పుకుంటాను. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. దేశీయం అని పట్టుబట్టి మూడేళ్లు పోగొట్టుకోవడం లాభమా? ఎరిక్సన్, నోకియా, శాంసంగ్ వంటి విదేశీ కంపెనీల పరికరాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. జియో తన 4జీని శాంసంగ్ రేడియోలతోనే కట్టింది. 2021లోనే టవర్లు వెలిగి ఉంటే, ఏఎన్ఎం అక్క చెప్పిన ఊళ్లకు ఆ నాలుగేళ్లు మిగిలేవి. కరోనా కాలంలో కొండ మీద పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల కోసం చెట్లెక్కిన రోజులు అవే కదా.

ఎక్స్ఛేంజి_పాతకాపు

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు బాబూ. ఆ పిల్లల చదువు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా నేను దేశీయం వైపే నిలబడతాను. నేను చేరిన రోజుల్లో ఎక్స్ఛేంజిలో ఒక కార్డు పోతే విదేశం నుంచి వచ్చేదాకా లైన్లు పడుకునేవి. సీ-డాట్ వాళ్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజి వచ్చాక ఆ బాధ పోయింది. ఏసీ లేకుండా మన ఎండకి, దుమ్ముకి తట్టుకునేలా చేశారు. పల్లెకు మొదటి ఎస్టీడీ బూత్ ఆ పెట్టె వల్లే వచ్చింది. రేడియోలోని సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉంటే తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ తాళం మన దగ్గర ఉండాలని నా నమ్మకం.

డల్లాస్_తెలుగబ్బాయి

పాతకాపు గారి మాటకూ శేరిలింగంపల్లి గారి మాటకూ మధ్యలో ఒక విషయం చెబుతాను. ఇక్కడ అమెరికాలో టీ-మొబైల్ చాలా కాలం నగరాల కంపెనీగానే ఉండేది, పల్లెల్లోకి వెళ్తే సిగ్నల్ పోయేది. 2017 వేలంలో 600 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 8 బిలియన్ డాలర్లు పెట్టింది. టెక్సస్‌లో పొలాల మధ్య రోడ్ల మీద సిగ్నల్ నిలబడటం దాని తర్వాతే చూశాం. 2020లో స్ప్రింట్‌ని కలుపుకున్నాక 2.5 గిగాహెర్ట్జ్ వచ్చింది, అప్పుడు స్పీడు వచ్చింది. ముందు విస్తరణ, ఆ తర్వాత వేగం.

ఇక్కడ కూడా మొదట్లో జనం 600 బ్యాండ్ ఉన్న ఫోన్లు వెతుక్కుని కొన్నారు. మాస్టారి ఫోన్ సమస్య సరిగ్గా అదే. బీఎస్ఎన్ఎల్‌కి 700 దొరకడం నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి పెద్ద విషయం. ఇంట్లో గోడల మధ్య మాట్లాడే అమ్మానాన్నలకు అదే పనికొస్తుంది. మా అమ్మ ప్రకాశం జిల్లాలో ఉంటుంది, నా దిగులంతా ఆవిడతో వీడియో కాల్ నిలబడటం గురించే.

తరంగం_77

చాలా సరిగ్గా చెప్పారు. శేరిలింగంపల్లి గారు అడిగిన "నేరుగా 5జీకి వెళ్లొచ్చు కదా" అన్నదానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది.

4జీలో 10 మెగాహెర్ట్జ్ ఉంటే, ఫోన్లో రెండు యాంటెనాల లెక్కన, సిద్ధాంతం ప్రకారం గరిష్ఠంగా సుమారు 75 ఎంబీపీఎస్. ఆ సెక్టార్లో, అంటే టవర్ ఒక వైపు కప్పే ప్రాంతంలో, ఉన్న అందరూ దాన్ని పంచుకోవాలి. అదే 700లో 5జీ వేసినా ఈ అంకె పెద్దగా పెరగదు, ఎందుకంటే రోడ్డు వెడల్పు, అంటే ఆ 10 మెగాహెర్ట్జ్, అంతే. 5జీ స్పీడ్ టెస్టుల్లో మనం చూసే వందల ఎంబీపీఎస్‌లు 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దొరికే వెడల్పు వల్ల వస్తాయి. బీఎస్ఎన్ఎల్‌కి అక్కడ 70 మెగాహెర్ట్జ్ ఉంది. కానీ ఆ తరంగం 9 సెంటీమీటర్లు. కొండ ప్రాంతంలో అది టవర్ చుట్టూ కొంత దూరమే కప్పుతుంది. దానికి రేడియో, యాంటెనా వేరేగా పెట్టాలి. ఇప్పుడున్న పరికరాలను సాఫ్ట్‌వేర్‌తో 5జీకి మార్చవచ్చని సంస్థ చెబుతోంది. అది నిజమే, అయితే అలా మారేది ఉన్న బ్యాండ్‌లోనే. పల్లెకు 700లో 4జీ, పట్నానికి 3300లో 5జీ. ఈ వరుస సరైనదని నా అభిప్రాయం.

పైగా పల్లెల్లో ఉన్న ఫోన్లు ఏవి? ఎక్కువ 4జీవే. వాళ్లకు 5జీ టవర్ పెడితే ఎవరికి ఉపయోగం?

శేరిలింగంపల్లి

పల్లెల వరకు మీ వాదన ఒప్పుకుంటున్నాను. హైదరాబాద్‌లో మాత్రం ఈ సంస్థ 4జీతో నిలబడలేదు అన్న మాట మీద ఉన్నాను. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు 10 నుంచి 27 శాతం దాకా ధరలు పెంచితే, ఆ ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌కి 29 లక్షల మంది పెరిగారు. నవంబరుకల్లా మళ్ళీ తగ్గడం మొదలైంది. చవక అని వచ్చినవాళ్లు నెట్‌వర్క్ ఉంటేనే ఉంటారు. ఇప్పుడు 4జీ వచ్చింది కాబట్టి రెండో అవకాశం దొరికింది. దాన్ని నగరాల్లో పోగొట్టుకోకూడదు.

భద్రాద్రి_రైతు

నేను చర్ల వైపు. మాకు నగరం సంగతి తెలియదు. 2022లో కేంద్రం నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మారుస్తామంది. అదే ఏడాది అసలు సిగ్నలే లేని 24,680 ఊళ్లకు 26,316 కోట్లతో 4జీ ఇస్తామంది. రెండు పనులూ బీఎస్ఎన్ఎల్‌కే అప్పగించారు. లాభం కోసం చూసుకునే కంపెనీ వంద ఇళ్ల గూడేనికి టవర్ తనంతట తాను వేయదు. అవతల అల్లూరి జిల్లాలో 2023లో ప్రైవేటు టవర్లు ఒకేసారి ప్రారంభించారు నిజమే, అవి కూడా ప్రభుత్వ నిధి సాయంతో వచ్చినవే. కాబట్టి ఎవరిది ముందు ఎవరిది వెనక అన్న లెక్క మాకు పనికిరాదు. ఉపాధి హామీ పనికి రోజుకి రెండుసార్లు ఫోటో హాజరు 2023 జనవరి నుంచి అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. ఫోటో ఎక్కకపోతే కూలి రాదు. రేషన్ యంత్రం కదలాలన్నా సిగ్నలే. ప్రభుత్వం అన్నిటినీ నెట్ మీద పెట్టినప్పుడు నెట్ ఇవ్వడం దాని బాధ్యతే. దయ కింద లెక్క కాదు.

ఏఎన్ఎం_అక్క

భద్రాద్రి అన్న చెప్పిన చివరి మాటకి వందసార్లు అవును.

ఫైబర్_మనిషి

ఇంతవరకు ఎవరూ ముట్టుకోని విషయం చెబుతాను. టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే గాలి మార్గం సగమే. టవర్‌కి నెట్ ఎలా వస్తుంది అన్నది మిగతా సగం. దాన్ని మేం బ్యాక్‌హాల్ అంటాం. చెరువు నిండుగా ఉన్నా తూము ఎంతుంటే పొలానికి అంతే నీళ్లు.

టవర్‌కి ఫైబర్ ఉంటే ఏ చింతా లేదు. ఫైబర్ రాని చోట మైక్రోవేవ్ డిష్‌లతో ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి దూకిస్తాం. మధ్యలో ఒక టవర్‌కి కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే దాని వెనక ఉన్న టవర్లన్నీ పడిపోతాయి. టవర్లు బాగానే వెలుగుతుంటాయి, నెట్ ఉండదు. జనం టవర్ పాడైందనుకుంటారు. అసలు లోపం ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటుంది. మరీ లోపలి చోట్ల ఉపగ్రహం ద్వారా ఇస్తారు. ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, మనం పంపినది వెళ్లి జవాబు వచ్చేసరికి అర సెకను దాటుతుంది. మెసేజ్‌లకి, ఫోటోలకి పరవాలేదు. మాట్లాడేటప్పుడు ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు.

ఎవరికి వారు పరీక్షించుకోవచ్చు. ఫోన్లో సిగ్నల్ గీతలు తక్కువగా ఉండి నెట్ నెమ్మదిగా ఉంటే సిగ్నల్ సమస్య. గీతలు నిండుగా ఉండి, తెల్లవారుజామున బాగుండి సాయంత్రం ఏడు తర్వాత కదలకపోతే జనం ఎక్కువైనట్టు, లేదా తూము చిన్నదైనట్టు. గీతలు నిండుగా ఉండి పింగ్, అంటే మనం పంపినదానికి జవాబు వచ్చే సమయం, ఎప్పుడు చూసినా 600 మిల్లీ సెకన్ల దగ్గర ఉంటే మీ టవర్ ఉపగ్రహం మీద ఉందని దాదాపు ఖాయం. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని కాకుండా ఈ వివరం, సమయం రాయండి. అవతలి ఇంజినీరుకి సగం పని అక్కడే అయిపోతుంది.

తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ మంచినీటి పైపుల పక్కనే భూమిలో వేశారు. ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా లాగింది. స్తంభాల మీద తొందరగా అవుతుంది, గాలివానకు తెగుతుంది. భూమిలో వేస్తే ఆలస్యం, కానీ నిలబడుతుంది, రోడ్డు తవ్వేవాళ్లు చూసుకుంటే. ఆ ఫైబర్‌ని 4జీ టవర్లకు ఎంత తొందరగా కలిపితే ఈ కొత్త రేడియోలకు అంత విలువ. టవర్ల సంఖ్య ఒక్కటే చెబితే నాకు తృప్తి ఉండదు. అందులో ఎన్నింటికి ఫైబర్ ఉందో ఆ సంఖ్య కూడా పక్కనే వేయాలి.

గోదారి_గట్టు

ఫైబర్ అన్నా, ఈ పోస్టుని మా ఊరి గ్రూపులో పెట్టొచ్చా?

ఫైబర్_మనిషి

నిరభ్యంతరంగా పెట్టండి.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. కొందరు సహాయం కోసం తమ మొబైల్ నంబర్లు ఇక్కడే రాస్తున్నారు, వాటిని తీసేశాం. దయచేసి నంబర్లు, ఆధార్ వివరాలు బహిరంగంగా పెట్టకండి. "మేం బీఎస్ఎన్ఎల్ నుంచి, కేవైసీ అప్‌డేట్ చేస్తాం" అని వచ్చే ప్రైవేటు సందేశాలకు అసలు స్పందించకండి.

మన్యం_మాస్టారు

మీరంతా చెప్పినవి వరుసగా చేసి చూశాను. మా ఆవిడ ఫోన్లో నా సిమ్ వేస్తే బడి గదిలో 4జీ వచ్చింది. అంటే సిమ్ మంచిదే, లోపం బ్యాండ్‌దే. ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం మైనస్ 104 అని చూపిస్తోంది. అది మంచిదేనా? రాత్రి పూట పింగ్ 60 నుంచి 80 మధ్య ఉంది, కాబట్టి ఉపగ్రహం కాదనుకుంటున్నాను. ఇప్పుడు నాకు ఫోన్ మార్చడం తప్ప దారి లేదా?

తరంగం_77

మైనస్ 104 అంటే పని నడుస్తుంది. మైనస్ 85 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 115 దాటితే తెగిపోతుంటుంది. ఇందులో మైనస్ తర్వాతి అంకె చిన్నదైతేనే మంచిది.

ఫోన్ మార్చక్కర్లేదు. మీ ఆవిడ ఫోన్ బడిలో లేనప్పుడు కూడా పని జరగాలంటే బ్యాండ్ 28 ఉన్న చిన్న 4జీ రౌటర్ ఒకటి కిటికీ దగ్గర పెట్టి, అందులో సిమ్ వేసి, మీ ఫోన్‌ని వైఫైకి కలపండి. కిటికీ దగ్గర సిగ్నల్ గది మధ్య కంటే బాగుంటుంది కాబట్టి స్పీడు కూడా పెరుగుతుంది. మిగతా టీచర్లూ వాడుకోవచ్చు. రౌటర్ కొనేటప్పుడు కూడా 28 ఉందో లేదో చూసి కొనండి, దానికి ఏ కంపెనీ సిమ్ అయినా పడుతుందా అని అడిగి తెలుసుకోండి.

మన్యం_మాస్టారు

ఇది మంచి ఆలోచన. పాఠశాల నిర్వహణ నిధుల్లోంచి కొనొచ్చేమో ప్రధానోపాధ్యాయుల్ని అడుగుతాను. అందరికీ రుణపడి ఉంటాను.

కందుకూరు_కోడలు

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. మా అత్తగారికి టచ్ ఫోన్ అలవాటు లేదు, బటన్ ఫోనే కావాలి. ఇంట్లో జియోభారత్ ఫోన్ ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఆవిడ బీఎస్ఎన్ఎల్ సిమ్ వేస్తే 4జీ వస్తుందా?

సిమ్_షాపు_రాజమండ్రి

రాదమ్మా. ఆ ఫోన్లు జియో సిమ్‌కే లాక్ చేసి ఉంటాయి, వేరే సిమ్ తీసుకోవు. లాక్ లేని 4జీ బటన్ ఫోన్లు వేరే కంపెనీలవి ఉన్నాయి. డబ్బా మీద బ్యాండ్ 28 ఉందా అని చూడండి. తర్వాత షాపులోనే అత్తగారి సిమ్ వేయించి, వాళ్ల ఎదుటే ఒక కాల్ చేయండి. కాల్ నడుస్తుండగా తెర మీద 4జీ గుర్తు అలాగే ఉంటే వోల్టీ పనిచేస్తున్నట్టు. అది పోయి 2జీ పడితే ఆ మోడల్ వద్దని చెప్పి ఇంకోటి చూపించమనండి. డబ్బు కట్టాక కంటే ముందే చూసుకోవడం మంచిది.

కందుకూరు_కోడలు

చాలా థాంక్స్ అన్నా. ఆదివారం అత్తగారిని కూడా తీసుకెళ్తాను, సిమ్ ఆవిడ పేరు మీదే ఉంది.